హుక్కా బందు కావలెను, పానీ కాదు

ఉర్దూ భాషలో "హుక్కా పానీ బంద్" అను నొక పలుకుబడి కలదు. ఒకనిని బిరాదరీనుండి వెలివేసిరని చెప్పుటకు ఈ మాట వాడుదురు. వానితో నెవ్వరును కలిసి హుక్కా త్రాగరాదు. వానికి నీరీయరాదు, వాని చేతి నీరు పుచ్చుకొనరాదు. తెలుగున "వెలి" యను చిన్నమాటలో నున్న కాఠిన్యమంతయు ఇందున్నది. ఉత్తర హిందూస్థానపు పల్లెలలో ఇది పంచాయతీలు విధించు శిక్ష. మన దక్కనీ ఇండ్లలో కోపమునకో, పరిహాసమునకో పెద్దలు అనుమాటగా మాత్రము మిగిలినది.

ఈ పలుకుబడిని తరచి చూచినకొలది నాకొక విషయము తోచుచున్నది. మన పూర్వులు హుక్కాను, నీటిని ఒకే తక్కెడలో నుంచిరి. రెండును మనిషిని మనిషితో కలుపునవేయని వారి భావము. నేటి వైద్యశాస్త్రమెరిగినవారు ఆ రెంటిని విడదీయవలసియున్నది. ఒకే గొట్టమును నోటినుండి నోటికి మార్చుకొను అలవాటు మానవలెను. కాని అంటువ్యాధి భయముతో ఏ మనిషికిని మంచినీరు మాన్పరాదు. మొదటి మాట చెప్పువారు మనలో కొందరు కలరు. రెండవ మాట చెప్పువారు చాల తక్కువ. ఒకటి విడిచి రెండవది చెప్పినచో ఉపకారముకంటె అపకారమే యెక్కువగునని నా నమ్మకము. అందువలన రెండును కలిపియే వ్రాయుచున్నాను.

హుక్కా మన దక్కనుకు పరాయిది కాదు. అమెరికా ఖండములో పుట్టిన పొగాకు పోర్చుగీసువారి ఓడలలో పడమటి తీరమునకు చేరి, అక్కడినుండి బీజాపూరు రాజ్యమున వ్యాపించినది. అక్బరు పాదుషా కొలువునకు అది బీజాపూరు నుండియే వెళ్లినది. 1604-05 ప్రాంతమున ఆ రాజ్యమునకు రాచకార్యముపై వచ్చి తిరిగివెళ్లిన అసద్ బేగ్ అను నుద్యోగి, రత్నములు చెక్కిన పొగగొట్టమును, పొగాకును పాదుషాకు సమర్పించిన వృత్తాంతమును తానే వ్రాసిపెట్టినాడు. పాదుషా కొంచెము పీల్చి చూచెను. కొలువులోని హకీము అడ్డుపడి, మన వైద్యగ్రంథములలో ఊసైనను లేని వస్తువును పాదుషావారు పుచ్చుకొనుట తగదని వాదించెను. అసద్ బేగ్ ఎదురు వాదించెను. వాదమున నెవరు గెలిచిరో గాని, పాదుషా దానిని అలవాటు చేసికొనలేదు, ఉమరాలు చేసికొనిరి. వారిని చూచి వర్తకులు అమ్మసాగిరి. 1617లో జహంగీరు పొగాకును నిషేధించెను. ఆ నిషేధము గతి యేమైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

హుక్కా పుట్టుకను గూర్చి లోకమున ప్రచారములోనున్న కథ యొకటి కలదు. అక్బరు ఆస్థాన వైద్యుడు హకీం అబుల్ ఫతహ్ గీలానీ, పొగాకు పొగను నీటిగుండ పోనిచ్చి శుద్ధిచేయు ఉపాయమును కనిపెట్టెనని ఆ కథ. ఆ హకీము 1589లోనే స్వర్గస్థుడయ్యెను. అసద్ బేగ్ పొగాకును పాదుషా ముందుంచినది అటుపిమ్మట పదునైదేండ్లకు. కావున ఈ కథకు కాలము పొసగదు. అయినను కథలోని ఊహ, అనగా నీరు పొగను కడిగివేయునన్న ఊహ, నాలుగు వందల యేండ్లుగా చెరగక నిలిచియున్నది. నేడు హుక్కా ముందు కూర్చున్న కుర్రవానిని మందలించినచో అతడు చెప్పు మొదటి సమాధానమిదియే.

హుక్కా అందమును గూర్చి నాకు వివాదము లేదు. బీదరు పనివారు నల్లని లోహముపై వెండి పొదిగి చేసిన హుక్కా కుండలను హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమున చూచినవారు ఆ కళకు తలవంచక తప్పదు. అడుగున నీటికుండ, దానిపై నిలువు గొట్టము, కొనయందు చిలుము, చిలుములో బెల్లపు పాకముతో కలిపి నూరిన గుడాకు, దానిపై నిప్పులు; ప్రక్కనుండి పామువలె సాగు నైచా, దాని చివర పెదవుల నడుమ నుంచుకొను మునాల్. ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క పేరు, ఒక్కొక్క పనివాడు. ఈ మునాల్ విషయమున మాత్రము ఒక ముచ్చట చెప్పవలెను. మహఫిలుకు వచ్చు సంపన్నులు తమ మునాల్‌ను తామే వెంట తెచ్చుకొను ఆచారముండెడిది. హుక్కా ఇంటివానిది; నోటికి తగులు తునక అతిథిది. క్రిముల సంగతి ప్రపంచమెరుగకముందే ఒకరి నోటి తడి మరియొకరికి తగులరాదన్న జాగ్రత్త అదబులో భాగమైయుండెను. నేడు పాతకాలపు తెహజీబును బ్రతికించుచున్నామని చెప్పి హుక్కా పట్టువారికి ఈ ముక్క ఎవ్వరును చెప్పినట్లు లేదు.

తెలుగు ఇండ్లలో ఎంగిలి పట్టింపు ఎంత గలదో అందరెరిగినదే. చెంబును పెదవికి తగులనీయక పైకెత్తి గొంతులో నీరు పోసికొనుట పసివారికి సయితము నేర్పుదురు. ఆ పట్టింపు వెనుక కులపు మచ్చ యున్నదని నేనెరుగుదును. దానిని వెనకేసుకొని వచ్చుట నా యుద్దేశము కాదు. అయినను, చెంబు పైకెత్తి త్రాగ నేర్చిన బిడ్డలే నలుగురొక గదిలో చేరి, ఒకరి పెదవి తడి యారకముందే మరియొకరు అదే గొట్టమును నోట పెట్టుకొనుట చూచిన విచిత్రముగా నుండదా? ఇంటిలో తమ్ముని గ్లాసు ముట్టనివాడు ఇక్కడ పేరైనను తెలియనివాని మునాల్‌ను ముట్టును.

పాత హుక్కా జమీందారు లోగిళ్లతో, దేవిడీలతో పాటు దాదాపు మాసిపోయినది. మన ప్రాంతపు రైతు చుట్టకు, కూలి బీడీకి అలవాటుపడెను. ఇరువదియొకటవ శతాబ్దము వచ్చినతరువాత హుక్కా మరల వచ్చినది, ఈమారు పట్టణములలో పార్లరు రూపమున. సేబు, పుదీనా, ద్రాక్ష వాసనలు కలిపిన మెత్తని పొగాకు; రంగు దీపములు; చలియంత్రము కొరకు మూసిన తలుపులు. పాత హుక్కా వరండాలో, చెట్టు నీడలో వెలిగెడిది. క్రొత్త హుక్కాకు గాలి గిట్టదు. వ్యాధి విషయమున ఇది చిన్న మార్పు కాదని ముందు తెలియగలదు.

ఉర్దూలో "దమ్" అనగా ఊపిరి. పొగ పీల్పునకును అదే మాట. తెలుగున "దమ్ము" అయినది. ఒక దమ్ము ఇమ్మని యడిగినవాడు తెలియకయే ఎదుటివాని ఊపిరి నడుగుచున్నాడు. ఇది మాటల గారడీ కాదు, లెక్క చూడుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘము 2005లో వెలువరించిన సలహాపత్రము ప్రకారము, సిగరెట్టు త్రాగువాడు 8 నుండి 12 మార్లు పీల్చి, మొత్తము అర లీటరో కొంచెమెక్కువయో పొగ లోనికి తీసికొనును. హుక్కా ముందు కూర్చున్నవాడు 20 నుండి 80 నిమిషములలో 50 నుండి 200 మార్లు పీల్చును. ఒక్కొక్క పీల్పునకు లీటరులో ఏడవ వంతునుండి పూర్తి లీటరు వరకు పొగ. నూరు సిగరెట్ల పొగయో, అంతకుమించియో ఒక్క కూర్పున ఊపిరితిత్తులలోనికి పోవచ్చునని ఆ పత్రము హెచ్చరించినది. నీరు చేయు పనియల్ల పొగను చల్లార్చుటయే. చల్లారిన పొగ గొంతున గ్రుచ్చుకొనదు. గ్రుచ్చుకొననందున పీల్పు మరింత లోతునకు పోవును. బొగ్గునుండి పుట్టు విషవాయువు, పొగాకు విషములు నీటిని లెక్కచేయవు. పొగాకు లేని మూలికల హుక్కాయని అమ్మునదానికి కూడ నిప్పు బొగ్గునదే, గొట్టము నలుగురిదే.

పొగ చేయు కీడు, క్యాన్సరు, గుండెపోటు, ఇరువది ముప్పది యేండ్లకు గాని కనబడదు; అందుచే యువకులకు అది ముసలివారి సమస్యగా తోచును. అంటువ్యాధి అట్లు కాదు. అది వారములలో కనబడును. హుక్కా ముట్టని తల్లికి, చెల్లెలికి కూడ చేరును. నేనీ వ్యాసమును దానికే పరిమితము చేయుట అందువలననే.

నైచా లోపలి భాగము ఎప్పుడును తడిగా, గోరువెచ్చగా నుండును. పొడవైన ఆ గొట్టమును బ్రష్షుతో తోమి ఎండబెట్టుట సామాన్యముగ జరుగు పని కాదు. తోలుగొట్టమైనచో నీరు తగిలిన పాడగునని కడుగనే కడుగరు. కుండలోని నీరు రోజుల తరబడి నిలువయుండును. నిలువ నీటిని, తడి మూలలను ఇల్లు చేసికొను సూక్ష్మజీవులు కలవు. ఇక నోటితడి వలన వ్యాపించునవి: పెదవిపై పొక్కులు పుట్టించు హెర్పిస్, జలుబు, ఫ్లూ, గొంతుపుండ్లు. పార్లరువారు ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్లాస్టిక్ మూతిని ఇచ్చి, ఇక భయములేదందురు. ఆ మూతి పెదవుల తడిని కొంత ఆపవచ్చును. పొగ పీల్చునపుడు దగ్గు వచ్చినవాడు గొట్టములోనికి దగ్గును. ఆ దగ్గును ప్లాస్టిక్ మూతి ఆపదు, ప్రక్కవాడు మరునిమిషమున అదే గొట్టముగుండ గాలి పీల్చును.

ఇక్కడ ఒక మాట నిష్పక్షపాతముగ చెప్పవలెను. హుక్కాపై ప్రచారము చేయువారు వ్యాధుల పట్టిక నొకదానిని తయారుచేసి, అందులో దొరికినదెల్ల చేర్చుదురు. కామెర్లలో బి, సి రకములు ముఖ్యముగ రక్తము ద్వారా వ్యాపించునవి. ఈజిప్టు దేశమున సి రకము కామెర్లు మిక్కిలి ప్రబలియుండగా, అక్కడివారు కలిసి త్రాగు గోజా హుక్కాపై కొందరికి అనుమానము కలిగినది. పరిశోధింపగా ప్రధాన దోషి సూదియని తేలినది: 1950 ప్రాంతమునుండి 1980 దశకము వరకు బిల్హార్జియా వ్యాధికి లక్షలాది జనులకు సూదిమందు వేయుచు, సూదులను సరిగ శుభ్రపరుపనందున ఆ వైరసు దేశమంతట వ్యాపించెను. హుక్కాను నిందించి ఊరకున్నచో సూది దోషము బయటపడెడిది కాదు. నిజము చెప్పి భయపెట్టిన భయము నిలుచును. అబద్ధము కలిపినచో, ఆ యొక్క అబద్ధము బయటపడిననాడు మిగిలిన నిజములను కూడ విద్యార్థి నమ్మడు.

పార్లరు గదిలో నిజముగ భయపడవలసిన వ్యాధి క్షయ. ఉర్దూలో దీనిని తపేదిఖ్ అందురు. 1882లో రాబర్ట్ కాక్ దీని క్రిమిని కనుగొనెను. మందులు వచ్చి డెబ్బది యేండ్లు దాటినది. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారము, 2023లో లోకమున క్రొత్తగ క్షయ సోకిన 1 కోటి 8 లక్షల మందిలో 26 శాతము మన దేశమువారే. అనగా మన దేశమున హుక్కా చుట్టు కూర్చున్న గుంపులో, తనకు తెలియకయే క్షయతో దగ్గుచున్నవాడొకడుండుట ఇతర దేశములలోకంటె ఎక్కువ సంభావ్యము. పొగ త్రాగువారి ఊపిరితిత్తుల సహజరక్షణ చెడియుండుటచే వారికి క్షయ రోగమగుట ఇతరులకంటె రెట్టింపునకు తక్కువ గాదని వైద్యులు లెక్కగట్టిరి. రోగి దగ్గినపుడు వెలువడు అతిసూక్ష్మ బిందువులు మూసిన గదిలో గంటల తరబడి గాలిలో తేలియుండును. వాటిని లోతుగ పీల్చినవాని ఊపిరితిత్తుల అడుగునకు క్రిమి చేరును. మూసిన గది, లోతైన పీల్పు, పొగవలన దగ్గు, చాలసేపటి కూర్పు. క్షయ క్రిమి కోరునదేదియు హుక్కా మహఫిలులో కొరతపడలేదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున జరిగిన విషయమొకటి 2003లో వైద్యపత్రికలో ప్రకటింపబడినది. అయిదుగురు యువకులకు ఊపిరితిత్తుల క్షయ సోకెను. విచారింపగా, మొదటి రోగితో కలిసి మిగిలినవారందరును ఒకే నీటిగొట్టముతో గంజాయి త్రాగినవారే. వ్యాధిని మోసినది గొట్టమా, గదిలోని గాలియా యని వేరుచేయుట కష్టము. వేరుచేయవలసిన అవసరమును లేదు, గొట్టమున్నచోట గది తప్పదు గనుక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 పత్రము సయితము, మునాల్‌ను పంచుకొనుట క్షయ మొదలగు వ్యాధుల వ్యాప్తికి దారితీయునని చెప్పియే యున్నది.

కోవిడ్ వచ్చినపుడు ఈ మాట ఎవరును వాదింపనంత స్పష్టమైనది. 2020లో ఇరాన్, కువైట్, సౌదీ అరేబియా దేశములు, హుక్కాను శతాబ్దములుగ ఆదరించినవే, హోటళ్లలో దానిని ఆపివేసినవి. ఆ సంవత్సరము జూలైలో హర్యానా రాష్ట్రపు జింద్ జిల్లాలోని ఒక గ్రామమున, పెండ్లికి పోయి వచ్చిన యువకునితో కలిసి హుక్కా త్రాగినవారికి, వారినుండి ఇతరులకు వ్యాపించి, ఇరువది మందికి పైగా కోవిడ్ సోకెనని పత్రికలు వ్రాసినవి. ఆ పల్లెలలో హుక్కా వద్దనుట స్నేహము వద్దనుటయే. మొదటి పేరాలో చెప్పిన పలుకుబడి పుట్టినదే అట్టి నేలలో గదా. త్రాగనని చెప్పిన మనిషి తన్ను తానే బిరాదరీనుండి వెలివేసికొన్నట్లగును. రోగభయముకంటె ఆ మొగమాటము పెద్దది.

మన పట్టణమునకు వత్తము. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడును కలిసి విద్యానగరమైనవి. 1959లో వెలసిన కాకతీయ వైద్య కళాశాల, అదే సంవత్సరము ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా స్థాపితమై 2002లో ఎన్.ఐ.టి.గా మారిన సంస్థ, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయము, వీటి చుట్టు పుట్టిన లెక్కలేనన్ని కళాశాలలు, కోచింగు కేంద్రములు. చుట్టుప్రక్కల జిల్లాలనుండి వచ్చిన బిడ్డలు ఒక్కొక్క అద్దెగదిలో నలుగురైదుగురు సర్దుకొందురు. కిటికీ ఒకటి, అదియు దోమలకై, దుమ్మునకై మూసియుండును. నిద్ర చాలదు, తిండి చాలదు. క్షయ వచ్చుటకు ఇంతకంటె అనువైన చోటు వేరే కావలెనా? ఆ గదిలోనికి, ఎవనిదో పుట్టినరోజున, ఒక చిన్న హుక్కా వచ్చును.

చట్టము తన పని చేయుచున్నది. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టము క్రింద 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలములలో పొగత్రాగుట నిషిద్ధము. ఆ చట్టమునకు తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరి 12న సవరణ నామోదించి, హుక్కా పార్లర్లను నిషేధించినది. నేను దీనిని సంతోషముతో స్వాగతించినవాడనే. కాని చట్టము మూయించునది దుకాణమును. అద్దెగదిని, ఫామ్‌హౌసు దావతును, పెండ్లి రాత్రి మేడపై చేరు కుర్రవాండ్ర గుంపును పోలీసువారు ఎంతవరకు కనిపెట్టగలరు? జహంగీరు ఫర్మానునకు పట్టిన గతి దీనికి పట్టరాదనుకొన్నచో, మర్యాద మారవలెను. నేడు మన కుర్రవాండ్రలో గొట్టము త్రోసిపుచ్చినవాడు పిరికివాడు, పల్లెటూరివాడు, అందించినవాడు దిల్‌దార్. ఈ అర్థములు తారుమారగు వరకు ఏ శాసనమైనను సగము పనియే చేయగలదు. ఇంటికి వచ్చిన అతిథికి చాయ్ ఇచ్చుట మెహమాన్‌నవాజీ, షర్బతు ఇచ్చుట మెహమాన్‌నవాజీ, రాత్రి రెండు గంటల వరకు గజల్ వినిపించుట కూడ మెహమాన్‌నవాజీయే. తన నోట పెట్టుకొన్న గొట్టమును తీసి ఎదుటివాని నోట పెట్టుటను పాత నవాబులే మర్యాదగ నెంచలేదని ముందే చెప్పితిని.

ఇక రెండవ సగము, పానీ సంగతి. ఇదియే నాకు మొదటిదానికంటె ముఖ్యము.

క్షయ అంటువ్యాధియని చెప్పగానే మన ఇండ్లలో జరుగునదేమి? రోగికి వేరు కంచము, వేరు గ్లాసు. ఆ గ్లాసు వంటింటి బయట గూటిలో. పిల్లలను దగ్గరకు పోనీయరు. ఆడపిల్లయైనచో మరియు ఘోరము: సంబంధము తప్పిపోవునని రోగమును దాచిపెట్టుదురు, దాచుటకై మందును కూడ మాన్పుదురు, లేదా ఎవరును చూడకుండ దూరపు ఊరిలో ప్రైవేటుగ మందు కొనుచు, డబ్బు లేనినాడు ఆపివేయుదురు. పెండ్లియైన పిమ్మట తెలిసినచో పుట్టింటికి పంపివేయుదురు. ఇదంతయు హుక్కా పానీ బంద్ కాక మరేమి? పంచాయతీ కూర్చుండక, తీర్పు చెప్పక, ఇంటివారే అమలుజరుపు వెలి.

వైద్యశాస్త్రము ఈ వెలిని సమర్థింపదు. క్షయ క్రిమి గాలి ద్వారా ఊపిరితిత్తులకు చేరవలెను. కంచము ద్వారా, గ్లాసు ద్వారా, దుప్పటి ద్వారా, చేతులు కలుపుట ద్వారా అది వ్యాపింపదు. రోగి త్రాగిన గ్లాసును ప్రతి యింటిలో గిన్నెలు తోమునట్లే తోమిన చాలును. ఒకే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చుండి తినుటకు అభ్యంతరము లేదు. ఎముకలకు, గ్రంథులకు వచ్చు క్షయ సామాన్యముగ అంటునదే కాదు. ఊపిరితిత్తుల క్షయయైనను, సరియైన మందు మొదలుపెట్టిన రెండు వారములకు సామాన్యముగ ఇతరులకు అంటించు శక్తి చాలవరకు తగ్గిపోవును. ఆ రెండు వారములు రోగి నోటికి గుడ్డ కట్టుకొని, గాలి వచ్చుచోట పడుకొన్న చాలును. మందు మాత్రము ఆరు నెలలు తప్పక వాడవలెను. సగములో ఆపినచో క్రిమి మందునకు మొండికెత్తును. ఆ మొండి క్షయ నిజముగ భయంకరమైనది. దానిని పుట్టించువాటిలో రోగిని మందు దాచుకొని మ్రింగునట్లు చేసిన మన ఇండ్ల వెలియు నొకటి.

హుక్కాను వదలనివాడు ఒక ప్రశ్న వేయవచ్చును: గ్లాసు పంచుకొన్న అంటనిది, గొట్టము పంచుకొన్న ఎట్లు అంటును? మంచి ప్రశ్నయే. గ్లాసులోని నీరు కడుపులోనికి పోవును. గొట్టములోని గాలి ఊపిరితిత్తులలోనికి పోవును. గ్లాసు త్రాగుటకు అర నిమిషము చాలును. హుక్కాకు మూసిన గదిలో గంటసేపు ఒకరి ముఖము ఎదుట ఒకరు కూర్చుండి, పొగ పీల్చి, దగ్గవలెను. ఒకే కంచములో తిన్న అన్నదమ్ములను విడదీసి, ఒకే గొట్టము పీల్చిన స్నేహితులను కూర్చుండబెట్టుట మన తలక్రిందుల వైద్యము.

రెండు వారములకు మించి దగ్గు తగ్గనిచో, సాయంత్రపు జ్వరము, బరువు తగ్గుట, రాత్రి చెమటలు వీటిలో ఏదియున్నను, ప్రభుత్వ ఆసుపత్రిలో కఫపరీక్ష చేయించుకొనవలెను. మన మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, అందరు ఎం.జి.ఎం. అని పిలుచునది, బస్సు దిగి నడిచిపోదగిన దూరముననే యున్నది. పరీక్షయు, ఆరు నెలల మందును ఉచితము. రోగి ఆహారమునకై 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయల చొప్పున ఇచ్చుచుండిన సహాయమును 2024 నవంబరునుండి 1000 రూపాయలు చేసిరి. ఒకే గదిలో నివసించు మిత్రులును పరీక్ష చేయించుకొనుట మంచిది. అవసరమైనవారికి ముందుజాగ్రత్త మందు కూడ కలదు. హుక్కా త్రాగిన సంగతి వైద్యునితో దాచవలదు. ఎవరెవరు కలిసి కూర్చుండిరో చెప్పినచో వారిని కూడ పిలిపించి చూతురు. ఇది చాడీ చెప్పుట కాదు, తోడివారిని రక్షించుట.

మన వసతిగృహ కార్యదర్శులకును, జాతీయ సేవాపథకపు విద్యార్థులకును ఒక చిన్న మనవి. ఏటేట మార్చి 24న క్షయ దినమున ఊరేగింపు తీసి, నినాదములిచ్చి, ఫోటో దిగుచున్నాము. ఈసారి ఆ దినమున ఒక్కొక్క అద్దెగదికి పోయి బిగిసిన కిటికీలు తెరచి, తెరచుకొననివాటికి వడ్రంగిని పిలిపించి, దోమతెర కొట్టింపుడు. హుక్కా కనబడినచో కోపపడక కూర్చుండి మాటలాడుడు. మందు మొదలుపెట్టి తిరిగివచ్చిన మిత్రుడెవడైన ఆ గదిలో నున్నచో అతని మంచమును కిటికీ ప్రక్కకు మార్చుడు. చాయ్ తెప్పించినపుడు అతని కప్పును వేరుగ పెట్టింపకుడు.